నెలకు 25 డాలర్లు: ఒక క్యాల్గరీ హెడ్మాస్టరు కథ

(కెనడాలోని క్యాల్గరీలో తెలుగువారి సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం.

నన్ను ఆహ్వానించినవారు తెలుగు భాష గురించి మాట్లాడమని కోరారు. భాష గురించి మాట్లాడగలిగినవారు ఈ సభలోనే నాకంటే మెరుగైనవారు ఉన్నారు కనుక, మీరు నివసిస్తున్న ఈ ఊళ్ళో ఒకప్పుడు నాలాగే బడిపంతులుగా బతికిన మనిషి గురించి మాట్లాడతానని వారిని ఒప్పించాను. మా అమ్మాయి ఇంటికి వచ్చి ఐదు నెలలైంది. సాయంత్రం నడకకు వెళ్ళే దారిలో ఏటీబీ అనే బ్యాంకు కనిపిస్తుంది. మీలో చాలామందికి అందులో ఖాతా ఉండే ఉంటుంది. ఈ బ్యాంకు ఇండియాలో గానీ, టొరంటోలో గానీ కనిపించలేదేమని అల్లుడిని అడిగితే, అది ఆల్బర్టా ప్రభుత్వానిదని చెప్పాడు. ఒక ప్రావిన్సు, అంటే మన రాష్ట్రం లాంటిది, దాని ప్రభుత్వానికి సొంత బ్యాంకు ఎందుకొచ్చిందని ఆరా తీస్తూ పోతే, ఆ దారి నన్ను తిన్నగా ఒక హెడ్మాస్టరు గదిలోకి తీసుకెళ్ళింది.

ఆయన పేరు విలియం ఏబర్‌హార్ట్. 1878 డిసెంబరు 30న ఒంటారియోలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. బ్రాంట్‌ఫర్డ్ పట్టణంలో బడి నడిపి, 1910లో క్యాల్గరీకి వచ్చి, 1915 నుంచి ఇరవై ఏళ్ళపాటు క్రెసెంట్ హైట్స్ హైస్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. భారీ విగ్రహం, బట్టతల, మైకు అక్కరలేని గొంతు. లెక్కలు చెప్పేవారు. సూత్రాన్ని వల్లె వేయించి, మరిచిపోకుండా గుర్తుపెట్టుకొనే కిటుకులు నేర్పి, పరీక్ష గట్టెక్కించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. మన ఊళ్ళలో ఎక్కాలు తలకిందులుగా చెప్పించే పంతుళ్ళను చూసినవారికి ఈ మనిషి కొత్తవాడు కాదు. ముప్పై రెండేళ్ళు బెత్తం పట్టినవాణ్ణి కనుక ఒక మాట చెప్పగలను. ఇలాంటి పంతులు దగ్గర చదివిన పిల్లలు తప్పకుండా పాసవుతారు. అయితే వాళ్ళలో ప్రశ్న అడిగే అలవాటు ఉన్నవారు తక్కువ. ఈ రెండో సంగతిని దయచేసి మనసులో ఉంచుకోండి.

వారానికి ఐదు రోజులు బడి, ఆదివారం బైబిలు. ఆయన చర్చి గురువు కారు. కానీ ఆదివారం మధ్యాహ్నాలు బైబిలు మీద ఆయన చేసే ప్రసంగాలకు సినిమా థియేటర్లు నిండిపోయేవి. 1925లో సీఎఫ్‌సీఎన్ రేడియో ఆయన ప్రసంగాలను ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఈ మైదానాల్లో ఒక పొలంలోని ఇంటికి, పక్క పొలంలోని ఇంటికి మధ్య మైళ్ళ దూరం ఉండేది. చలికాలం వస్తే నెలల తరబడి కొత్త మొహం కనిపించని ఇళ్ళు అవి. అలాంటి ఇంట్లో ఆదివారం పూట పొయ్యి చుట్టూ చేరినవారికి ఒక పెట్టెలోంచి ఈ పంతులుగారి గొంతు వినిపించింది. పక్క ప్రావిన్సు సస్కాచువాన్‌లో రోజ్‌టౌన్ దగ్గర ఎర్నెస్ట్ మానింగ్ అనే రైతు కుర్రవాడు ఆ గొంతు విని, పొలం వదిలి క్యాల్గరీకి వచ్చి, 1927లో ఏబర్‌హార్ట్ నెలకొల్పిన బైబిలు విద్యాలయంలో చేరాడు. ఆ సంస్థలో చదువు పూర్తిచేసిన మొదటి విద్యార్థి అతనే. అతన్ని మళ్ళీ కలుసుకుంటాం.

ఇంతవరకూ రాజకీయం లేదు. రాజకీయం వచ్చింది ఆకలితో. 1929లో బుషెల్‌కు (ఇక్కడి ధాన్యపు కొలత, గోధుమైతే సుమారు 27 కిలోలు) డాలరు పైన పలికిన గోధుమ, 1932 చివరికి 40 సెంట్లకంటే కిందికి పడిపోయింది. పంట కోయించే కూలి కూడా గిట్టని ధర అది. మరోవైపు వానలు మొహం చాటేశాయి, దుమ్ము తుఫానులు లేచాయి. బ్యాంకు అప్పు మాత్రం అలాగే నిలబడి ఉంది. గిడ్డంగుల్లో ధాన్యం, ఇంట్లో ఖాళీ కంచం. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయన్నది ఏ రైతుకూ అంతుపట్టలేదు. తన దగ్గర పాసైన పిల్లలు ఉద్యోగాలు లేక రైలు బోగీల మీద ఊరూరూ తిరుగుతూంటే, వాళ్ళను పాస్ చేయించిన హెడ్మాస్టరుకు కూడా అంతుపట్టలేదు.

1932 వేసవిలో ఆయన ఎడ్మంటన్‌కు వెళ్ళారు. ఎందుకో తెలుసా? పరీక్ష పేపర్లు దిద్దడానికి. మన భాషలో చెప్పాలంటే స్పాట్ వాల్యుయేషన్. ఆ డ్యూటీకి వెళ్ళినవారికి తెలుసు, పగలంతా పేపర్లు, రాత్రంతా కబుర్లు. అక్కడ రసాయనశాస్త్రం చెప్పే తోటి ఉపాధ్యాయుడొకరు ఆయన చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. మేజర్ డగ్లస్ అనే బ్రిటిష్ ఇంజనీరు ప్రతిపాదించిన ‘సోషల్ క్రెడిట్’ సిద్ధాంతాన్ని ఒక ఇంగ్లీషు నటుడు మామూలు జనానికి అర్థమయ్యేలా వివరించిన పుస్తకం అది. ఏబర్‌హార్ట్ ఆ రాత్రి దాన్ని పూర్తిచేసిగానీ పడుకోలేదంటారు. ఒక ప్రావిన్సు చరిత్ర పేపర్లు దిద్దే క్యాంపులో మలుపు తిరగడం నాకైతే ముచ్చటగా అనిపిస్తుంది.

ఆ సిద్ధాంతం ఏమిటో కొంచెం ఓపికగా చూద్దాం. ఒక పిండిమర ఉందనుకోండి. దాని యజమాని కూలివారికి జీతాలు, తనకు లాభం కలిపి 60 రూపాయలు తీస్తాడు. డగ్లస్ దీన్ని ‘ఎ’ అన్నాడు. గోధుమకు, కరెంటుకు, బ్యాంకు వడ్డీకి ఇంకో 40 కడతాడు. అది ‘బి’. పిండి వెల 100 రూపాయలు. కొనవలసినవారి చేతిలో ఉన్నది 60. దేశంలోని ప్రతి కర్మాగారంలోనూ ఇదే జరుగుతుంది కనుక, తయారైన సరుకంతా కొనడానికి జనం దగ్గర ఎన్నడూ డబ్బు చాలదని, ఆ లోటును ప్రభుత్వం కొత్త డబ్బు సృష్టించి, ప్రతి పౌరుడికీ డివిడెండుగా పంచి పూడ్చాలని డగ్లస్ వాదన. వినడానికి ఎంత సుబ్బరంగా ఉందో చూడండి. ధాన్యం ఉంది, తినేవాడున్నాడు, మధ్యలో డబ్బు లేదు. ఆ డబ్బు ఇచ్చేస్తే సరి. అయితే లెక్కల క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ 40 రూపాయలు ఎక్కడికి పోయాయండీ? గోధుమ అమ్మిన రైతు జేబులోకి, కరెంటు కంపెనీ ఉద్యోగి జీతంలోకే కదా పోయింది. ఒకరి ‘బి’ ఇంకొకరి ‘ఎ’ అవుతుంది. మాంద్యంలో జనం దగ్గర డబ్బు ఆడడం లేదన్న గమనిక నిజం; దానికి ఆయన చెప్పిన కారణం మాత్రం లెక్కకు నిలవదు. లెక్కల మాస్టారే ఆ ప్రశ్న వేసుకోలేదన్నది ఈ కథలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి.

ఆదివారపు బైబిలు ప్రసంగంలోకి సోషల్ క్రెడిట్ మెల్లగా వచ్చి చేరింది. 1934లో రేడియో నాటికలు మొదలయ్యాయి. అంగారక గ్రహం నుంచి ఒక మనిషి ఆల్బర్టాకు దిగి, ఇంత పంట పండే చోట ఇంత మంది పస్తులుండడమేమిటని అమాయకంగా అడుగుతూ తిరుగుతాడు. మన బుర్రకథలో హాస్యకాడు అడ్డుప్రశ్నలు వేసి కథకుడిచేత అసలు విషయం చెప్పించినట్టే. ఆ గ్రహవాసికి జవాబు చెప్పలేని నాయకులు జనానికి వెర్రివాళ్ళలా కనిపించారు. పల్లెపల్లెనా అధ్యయన బృందాలు పుట్టాయి, కరపత్రాలు పాఠ్యపుస్తకాలయ్యాయి. వయోజనులైన ప్రతి ఒక్కరికీ నెలకు 25 డాలర్లన్నది ఆ పాఠంలో అందరికీ కంఠస్థమైన వాక్యం. అది కచ్చితమైన హామీ కాదు, ఒక ఉదాహరణ మాత్రమేనని ఆయన అప్పుడప్పుడూ అన్నారు. కానీ పంతులు నల్లబల్ల మీద రాసిన అంకెను ఉదాహరణగా రాసుకొనే విద్యార్థి ఉంటాడా? ఇదెలా పనిచేస్తుందని ఎవరైనా గట్టిగా అడిగితే, దీపం వెలిగించుకోవడానికి విద్యుత్తు శాస్త్రమంతా తెలియాలా అన్న ధోరణిలో జవాబొచ్చేది.

అప్పుడు అధికారంలో ఉన్నది 1921 నుంచి పాలిస్తున్న రైతుల పార్టీ, యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఆల్బర్టా. మీ విధానంలో దీన్ని చేర్చుకోండని ఏబర్‌హార్ట్ మొదట వాళ్ళనే అడిగారు. వాళ్ళు డగ్లస్‌నే ఇంగ్లండు నుంచి పిలిపించి విన్నారు, చివరికి కుదరదన్నారు. ఈలోగా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న జాన్ బ్రౌన్లీ ఒక వ్యక్తిగత కుంభకోణం కేసులో చిక్కుకొని 1934లో రాజీనామా చేశారు. ఇక పంతులుగారు తన మనుషులనే పోటీకి దింపారు. వాళ్ళ ఎంపిక కూడా బడి పద్ధతిలోనే జరిగింది. ఒక్కో నియోజకవర్గం మూడు నాలుగు పేర్లు పంపితే, ఆయన కమిటీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మౌఖిక పరీక్ష పెట్టి ఒకరిని ఎంచింది. 1935 ఆగస్టు 22న ఓట్లు పడ్డాయి. 63 స్థానాల్లో 56 సోషల్ క్రెడిట్‌వి. పద్నాలుగేళ్ళు పాలించిన రైతుల పార్టీకి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. విచిత్రమేమిటంటే ఏబర్‌హార్ట్ స్వయంగా పోటీయే చేయలేదు. సెప్టెంబరు 3న ప్రీమియర్‌గా ప్రమాణం చేసి, ఆ తర్వాత ఒక సభ్యుడు ఖాళీ చేసిన ఓకోటోక్స్–హై రివర్ స్థానం నుంచి శాసనసభలో అడుగుపెట్టారు. విద్యాశాఖ తన దగ్గరే ఉంచుకున్నారు. శిష్యుడు మానింగ్‌కు ఇరవై ఆరేళ్ళకే మంత్రి పదవి దక్కింది.

ఇక అసలు పరీక్ష. ఖజానా తలుపు తీస్తే లోపల బూజు తప్ప ఏమీ లేదు. ఆయన రైలెక్కి అట్టావా వెళ్ళి ప్రధాని ఆర్. బి. బెన్నెట్‌ను అప్పు అడిగారు. బెన్నెట్ కూడా క్యాల్గరీ నుంచి ఎన్నికైన మనిషే. దొరికింది 22 లక్షల 50 వేల డాలర్లు, జీతాలకు సరిపోయింది. 25 డాలర్ల సంగతి ఒకసారి లెక్కవేద్దాం. 1931 జనాభా లెక్కల ప్రకారం ఆల్బర్టాలో 7,31,605 మంది ఉన్నారు. వారిలో నాలుగు లక్షల మందికి పంచినా నెలకు కోటి డాలర్లు కావాలి. ప్రావిన్సు ఏడాది రాబడి మొత్తం రెండు నెలల డివిడెండుకు చాలదు. ఈ గుణకారం ఆరో తరగతి పిల్లవాడు చేస్తాడు.

డబ్బు పంచుతానని వచ్చిన ప్రభుత్వం 1936లో మొదట చేసినది పన్ను వేయడం. రెండు శాతం అమ్మకం పన్ను. ఆల్బర్టాలో ప్రావిన్సు అమ్మకం పన్ను లేదని మీరు మా ఇండియా బంధువుల దగ్గర గొప్పగా చెబుతూంటారు. అది ఉన్న కాస్త కాలం ఏబర్‌హార్ట్ కాలమేనని, మరుసటి ఏడాదే ఎత్తేశారని కూడా ఇకమీదట చెప్పండి. అదే ఏడాది ఏప్రిల్ 1న గడువు తీరిన బాండ్ల సొమ్ము కట్టలేక ప్రభుత్వం చేతులెత్తేసింది. ఆగస్టులో ‘ప్రాస్పెరిటీ సర్టిఫికెట్లు’ అనే కాగితపు డబ్బు వచ్చింది. డాలరు విలువైన ఆ కాగితం వెనక వారానికొక సెంటు స్టాంపు అతికించాలి. రెండేళ్ళకు 104 స్టాంపులు అవుతాయి, అప్పుడు ప్రభుత్వం డాలరు ఇస్తుంది. స్టాంపు ఖర్చు తప్పించుకోవడానికి జనం దాన్ని త్వరత్వరగా చేతులు మారుస్తారని, అలా వ్యాపారం పరుగెత్తుతుందని ఆశ. స్టాంపు అతికించే రోజు వచ్చేసరికి అది ఎవరి చేతిలో ఉంటే వారికి సెంటు నష్టం కనుక, ప్రతివాడూ దాన్ని పక్కవాడికి అంటగట్టాలని చూశాడు. దుకాణదారులు ముఖం తిప్పుకున్నారు. కొద్ది నెలల్లో ఆ కాగితం చెలామణీ నుంచి తప్పుకుంది.

1937కు సొంత సభ్యులే తిరగబడ్డారు. పద్దెనిమిది నెలల్లో డివిడెండన్నారు, ఏదీ అని నిలదీశారు. వాళ్ళను శాంతపరచడానికి ఆయన డగ్లస్ పంపిన ఇద్దరు నిపుణులను పిలిపించి, బ్యాంకులను ప్రావిన్సు అదుపులోకి తెచ్చే చట్టాలు చేయించారు. ఇక్కడ రాజ్యాంగం అడ్డొచ్చింది. కెనడాలో 1867 నుంచీ బ్యాంకులు, కరెన్సీ కేంద్రం చేతిలోని అంశాలు. మన రాజ్యాంగంలోనూ అవి కేంద్ర జాబితాలోనే ఉన్నాయి కనుక ఈ చిక్కు మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. చట్టాలు చెల్లుతాయా అని లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ బోవెన్ అటార్నీ జనరల్ హ్యూగిల్‌ను అడిగారు. ఆయన ప్రీమియర్ ఎదుటే చెల్లవన్నారు. ఏబర్‌హార్ట్ ఆయనచేత రాజీనామా చేయించి ఆ శాఖ కూడా తానే తీసుకున్నారు. తరగతిలో ఎదురు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించడం సులభం. న్యాయ సలహాదారుణ్ణి బయటికి పంపినంత మాత్రాన న్యాయం మారదు. ఆ ఆగస్టులో కేంద్రం మూడు చట్టాలను రద్దు చేసింది. అక్టోబరులో బోవెన్ మరో మూడు బిల్లులకు ఆమోదం నిలిపివేశారు.

ఆ మూడింటిలో ఒకటి పత్రికల బిల్లు. ప్రభుత్వం తప్పని భావించిన వార్తకు ప్రభుత్వం పంపిన దిద్దుబాటును పత్రిక అచ్చు వేయాలి, అడిగితే వార్త ఎవరిచ్చారో చెప్పాలి. నా దృష్టిలో ఏబర్‌హార్ట్ మొత్తం ఇందులో కనిపిస్తారు. పత్రికలు ఆయనను నిర్దయగా వెక్కిరించిన మాట నిజమే. కానీ ఆయన వాటిని ప్రత్యర్థులుగా కాక, తప్పులు రాసిన జవాబు పత్రాలుగా చూశారు. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపితే, పిల్లవాడు సరిచేసి మళ్ళీ రాసుకురావాలి. 1938లో కెనడా సుప్రీంకోర్టు ఈ బిల్లులు చెల్లవని తేల్చింది. పార్లమెంటరీ ప్రజాస్వామ్యం సాగాలంటే ప్రజావ్యవహారాల మీద స్వేచ్ఛగా చర్చ జరగాలని కొందరు న్యాయమూర్తులు ఆ తీర్పులో రాసినది, హక్కుల చార్టర్ లేని ఆ కాలంలో, తర్వాతి తరాల న్యాయవాదులకు ఊతకర్ర అయింది. ఆ పోరాటానికి గాను అమెరికాలోని పులిట్జర్ సంస్థ అదే ఏడాది ఎడ్మంటన్ జర్నల్ పత్రికకు ప్రత్యేకంగా కంచు ఫలకం ఇచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఎన్నికైన సభ్యుణ్ణి ఓటర్లు వెనక్కి పిలిచే హక్కు ఇస్తూ ఆయన ప్రభుత్వమే 1936లో చట్టం చేసింది. మూడింట రెండు వంతుల ఓటర్లు సంతకాలు పెడితే సభ్యుడు దిగిపోవాలి. మరుసటి ఏడాది ఆ సంతకాలు జోరుగా పోగుపడిన నియోజకవర్గం ఏదనుకున్నారు? ఓకోటోక్స్–హై రివర్, సాక్షాత్తూ ప్రీమియర్‌గారిది. ప్రభుత్వం వెంటనే ఆ చట్టాన్ని రద్దు చేసింది, అదీ వెనకటి తేదీ నుంచి వర్తించేలా. తాను పెట్టిన పరీక్ష తానే రాయవలసి వచ్చినప్పుడు ప్రశ్నపత్రం చింపేసిన పంతుళ్ళు మన ఊళ్ళలోనూ లేకపోలేదు.

అయితే ఈ మనిషిని నవ్వి వదిలేస్తే అన్యాయం చేసినట్టు. తనకు నిజంగా తెలిసిన రంగంలో ఆయన చేసినది గట్టి పని. అప్పటికి ఆల్బర్టాలో ఒక్క గది, ఒక్క పంతులు, దానికొక సొంత బోర్డు ఉన్న చిన్నచిన్న పాఠశాల జిల్లాలు వేలల్లో ఉండేవి. కరువు వచ్చిన జిల్లాలో పంతులుకు జీతం లేదు, పుస్తకం లేదు. ఆ జిల్లాలను కలిపి పెద్ద డివిజన్లు ఏర్పాటు చేసే పనిని ఆయన ప్రభుత్వం స్థానిక పెద్దల వ్యతిరేకతను లెక్కచేయకుండా చేపట్టింది. పేద ఊరి బడికీ కలిగిన ఊరి బడికీ మధ్య దూరం తగ్గింది, పల్లె పిల్లలకు హైస్కూలు అందుబాటులోకి వచ్చింది. ఉపాధ్యాయులందరూ ఒకే సంఘంలో సభ్యులయ్యేలా చట్టం వచ్చింది. బాకీల కింద పొలాలు పోకుండా రైతులకు రక్షణ చట్టాలూ వచ్చాయి. వాటిలో కొన్ని కోర్టుల్లో నిలవలేదు, కానీ ఆ గడువులో ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. బ్యాంకుల మీద అధికారం దక్కకపోయేసరికి, బ్యాంకు అన్న పేరు లేకుండానే 1938లో ప్రభుత్వం ‘ట్రెజరీ బ్రాంచీలు’ తెరిచింది. మొదటి శాఖ రాకీ మౌంటెన్ హౌస్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. పెద్ద బ్యాంకులు మూసేసుకొని వెళ్ళిపోయిన ఊళ్ళలో రైతు డబ్బు దాచుకోవడానికి అవే దిక్కయ్యాయి. నేను నడకలో చూసిన ఏటీబీ వాటి వారసత్వమే.

1940లో ఆయన మళ్ళీ గెలిచారు, మెజారిటీ బాగా తగ్గింది. 1941లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇస్తామని ముందు కబురు పంపి, తీరా సెనేట్ ఒప్పుకోకపోవడంతో వెనక్కి తీసుకుంది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు సిగ్గుపడి రాజీనామా చేశారు. బ్యాంకర్లు కాదన్నా, కోర్టులు కాదన్నా పంటి బిగువున భరించిన మనిషికి ఇది లోతుగా తగిలి ఉంటుందని నా ఊహ. పంతులుకు పట్టా విలువ తెలుసు కదా. 1943 మే 23న, వ్యాంకూవర్‌లో ఉన్న పిల్లలను చూడడానికి వెళ్ళినప్పుడు, అక్కడే కన్నుమూశారు. ఈ వాక్యం చదివిన రోజు మా అమ్మాయి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించింది.

ఆ తర్వాత ప్రీమియర్ అయింది రోజ్‌టౌన్ రైతు కుర్రవాడు మానింగ్. అప్పటికి వయసు ముప్పై నాలుగు. 1968 దాకా ఏకబిగిన పాలించారు. డగ్లస్ రాతల్లో యూదుల మీద విషం ఉండేది. ఆ మాటలు పట్టుకు వేలాడుతున్నవారిని మానింగ్ 1947, 48లో పార్టీలోంచి బయటికి పంపారు. డివిడెండు సిద్ధాంతాన్ని ప్రకటన ఏమీ లేకుండానే అటక ఎక్కించారు. 1947 ఫిబ్రవరిలో లెడూక్ దగ్గర చమురు పడడంతో ఖజానా నిండింది, ఇక సిద్ధాంతంతో పనీ లేకపోయింది.

చివరగా ఆ 25 డాలర్ల సంగతి. 1957లో మానింగ్ ప్రభుత్వం చమురు రాబడిలోంచి అర్హులైన పౌరులకు డబ్బు పంచింది. మొదటి ఏడాది 20 డాలర్లు, రెండో ఏడాది పదిహేడున్నర, ఆ తర్వాత ఆపేశారు. 2006లో రాల్ఫ్ క్లైన్ ప్రభుత్వం తలకు 400 డాలర్ల చెక్కులు పంపింది. ఈ సభలో పాతకాపులు కొందరు ఆ చెక్కు అందుకొనే ఉంటారు. అది పట్టుకెళ్ళి ఏటీబీలో జమ చేసినవారు ఎవరైనా ఉంటే, ప్రసంగం అయ్యాక కాఫీ దగ్గర నాకు చెప్పండి, వినాలని ఉంది.